నర్సమ్మ కొలువు ఎందుకు విడిచిపెడుతున్నది?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటలు పట్టుకొని మనం ఊరూరా తిరిగినం. నియామకాలు అనంగనే అందరికీ సచివాలయం, కలెక్టరేట్, బడి, బస్సు డిపో యాదికొస్తయి. రాత్రి రెండు గంటలకు వార్డులో సెలైన్ సీసా మార్చే మనిషి మాత్రం ఎవరికీ యాదికి రాదు. ఆమె కూడా కొలువు కోసం చదివిన తెలంగాణ బిడ్డనే. ఇయ్యాల ఆమె ఆ కొలువు విడిచిపెట్టి పోతున్నది. ఒకామె హైటెక్ సిటీలో మెడికల్ కోడింగ్ కంపెనీకి, ఇంకొకామె జర్మన్ భాష నేర్చుకొని విమానం ఎక్కడానికి, మరొకామె గ్రూప్స్ కోచింగ్ సెంటర్‌కు. ఏదీ కుదరనామె పిల్లలను చూసుకుంటూ ఇంట్లనే కూసుంటున్నది.

దీనికి పెద్దమనుషులు చెప్పే కారణం ఒకటే. "ఇప్పటి పిల్లల్లో సేవాభావం లేదు" అంటరు. ఈ మాట మేము ఒప్పుకోం. సేవాభావం లేని ఆడపిల్ల మూడు నాలుగేండ్లు రక్తం, చీము, మలమూత్రాల మధ్య చదువు పూర్తి చెయ్యదు. లేనిది సేవాభావం కాదు, ఆ సేవకు కట్టే విలువ. నర్సులు వృత్తి మారడం వాళ్ల ఇంటి ముచ్చట కాదు, ముమ్మాటికీ నియామకాల ముచ్చట. అందుకే ఈ పత్రికలో దాని గురించి రాస్తున్నం.

ఎవరి బిడ్డలు వీళ్లు?

నర్సింగ్ చదువుకు పోయేది ఎవరి పిల్లలో మనందరికీ తెలుసు. డాక్టర్ చదువుకు లక్షలు పెట్టలేని ఇండ్ల నుంచి, ఇంజినీరింగ్ చేస్తే కొలువు వస్తదో రాదో అన్న భయం ఉన్న ఇండ్ల నుంచి వస్తరు. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల ఇండ్లే ఎక్కువ. "బిడ్డా, నర్సు చదివితే ఎక్కడైనా బతకొచ్చు" అని తండ్రి ఉన్న ఎకరం కుదువ పెడతడు. జీఎన్ఎం అయితే మూడేండ్లు, బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేండ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు సర్కారు నుంచి టైముకు రాకపోతే కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపుతరు. చదువు అయిపోయినా చేతికి కాగితం రాదు. అప్పు తెచ్చి కట్టి కాగితం తెచ్చుకుంటే, కొలువిచ్చిన ప్రైవేటు దవాఖాన మళ్లా ఆ కాగితాన్నే తన దగ్గర పెట్టుకుంటది. రెండేండ్లు పని చెయ్యాలె, నడుమ మానేస్తే పైసలు కట్టాలె అని బాండు రాయించుకుంటది. సదువుకున్న బిడ్డ సర్టిఫికెట్టే తాకట్టు వస్తువు అయితే దాన్ని కొలువు అనాల్నా, పాలేరుతనం అనాల్నా?

ఇగ వార్డులోకి పోయి చూద్దాం. సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో మంచానికి ఒక నర్సు ఉండాలని కేంద్రం స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఏనాడో లెక్క కట్టింది.  సెలవులో పోయేవాళ్ల కోసం అదనంగా మనుషులను పెట్టుకోవాలని కూడా అందులనే ఉన్నది. మీ జిల్లా దవాఖానకు ఒక్క రాత్రి పోయి మంచాలు లెక్కపెట్టండి, సిస్టర్లను లెక్కపెట్టండి. నేల మీద పడుకున్న రోగులను కూడా మర్చిపోకుండ్రి. అప్పుడు ఆరుగురికి ఒకరు అన్న మాట ఎక్కడున్నదో మీకే అర్థమైతది.

ఒక్క మనిషి నలుగురి పని చేస్తే ఏమైతది? ఇంజెక్షన్ టైము దాటుతది. బీపీ చూడాల్సిన గంటకు చూడలేరు. కోపమొచ్చిన రోగి బంధువు డాక్టర్‌ను ఏమనలేక సిస్టర్ మీద అరుస్తడు. డాక్టర్ కూడా ఆమె మీదనే అరుస్తడు. పొద్దున దాకా నిలబడి పని చేసి, బస్సులు నడవక ముందే డ్యూటీ దిగి, ఇంటికి పోయి పొయ్యి ముట్టించాలె. యాభై మంది, అంతకు మించి పని చేసే చోట పసిపిల్లలను చూసుకునే గది ఉండాలని 2017లోనే ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించిండ్రు. ఆ గది ఉన్న ప్రైవేటు దవాఖానలు మన జిల్లా కేంద్రాల్లో ఎన్ని ఉన్నయో యాజమాన్యాలే చూపెట్టాలె. పెండ్లయి, బిడ్డ పుట్టినంక నర్సు ఎందుకు మానేస్తున్నదని అడిగేవాళ్లకు జవాబు ఆ లేని గదిలోనే ఉన్నది.

సుప్రీంకోర్టు చెప్పినా కదలని జీతం

జీతం సంగతి చెప్పుకోవాలంటే ఒక కమిటీ గురించి చెప్పాలె. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు దవాఖానల నర్సుల బతుకుల మీద ఒక ఆదేశం ఇచ్చింది. కేంద్రం కమిటీ వెయ్యాలె, ఆ కమిటీ చెప్పినదాన్ని రాష్ట్రాలు అమలు చేసేటట్టు చూడాలె అన్నది. ఆ కమిటీ అదే ఏడాది స్పష్టంగా లెక్క చెప్పింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు దవాఖాన అయితే సర్కారు నర్సుతో సమానంగా జీతం ఇయ్యాలె. 100 దాటితే సర్కారు జీతం కంటే 10 శాతానికి మించి తగ్గొద్దు. 50 నుంచి 100 మంచాలుంటే 25 శాతానికి మించి తగ్గొద్దు. 50 కంటే తక్కువ మంచాలున్న చిన్న దవాఖాన అయినా నెలకు 20,000కు తక్కువ ఇయ్యొద్దు. జీతం ఒక్కటే కాదు, సెలవులు, పని గంటలు, వైద్య సౌకర్యం, రవాణా, వసతి కూడా సర్కారు నర్సులకు ఉన్నట్టే ఉండాలని చెప్పింది.

ఇది మనం కోరిన కోరిక కాదు, అత్యున్నత న్యాయస్థానం మాట మీద ఏర్పడ్డ కమిటీ చెప్పిన లెక్క. మరి తెలంగాణలో ఏ ప్రైవేటు దవాఖాన నర్సునైనా పక్కకు పిలిచి అడగండి. ఆ కమిటీ పేరు కూడా ఆమె వినలేదంటది. ఏండ్లు గడిచినయి. సర్కార్లు మారినయి. కాగితం కాగితంగానే ఉన్నది.

కేరళలో ఏం జరిగింది? అక్కడ ప్రైవేటు దవాఖానల నర్సులు సంఘం కట్టిండ్రు. 2017లో రోడ్డెక్కిండ్రు. 2018 ఏప్రిల్‌లో చేర్తల నుంచి తిరువనంతపురం దాకా పాదయాత్ర చేస్తమని ప్రకటించిండ్రు. వాళ్లు నడక మొదలుపెట్టక ముందే ఆ రాష్ట్ర సర్కారు నర్సుల కనీస మూల వేతనం 20,000గా నోటిఫికేషన్ ఇచ్చింది. యాజమాన్యాలు కోర్టులకు పోయినయి, ఇయ్యకుండా ఎగ్గొట్టినవి కూడా ఉన్నయి, అది వేరే కథ. కానీ కొట్లాట లేకుండా మాత్రం అది రాలేదు. 42 దినాలు సకల జనుల సమ్మె చేసిన గడ్డ మనది. కొట్లాట మనకు ఒకరు నేర్పాల్నా?

ఎవరికి కొలువు? ఎసుంటి కొలువు?

ఇక్కడ మన ఉద్యమ చరిత్రను ఒకసారి తిరగెయ్యాలె. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. జోన్లు ఏర్పడ్డయి. నాన్ గెజిటెడ్ కొలువుల్లో స్థానికులకు 70 నుంచి 80 శాతం దాకా అన్నరు. అయినా 5, 6 జోన్లలోకి స్థానికేతరులు వచ్చి చేరిండ్రు. వాళ్లను వెనుకకు పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చిండ్రు. 1986 మార్చి 31 లోపల పూర్తి కావాలన్నరు. పూర్తి కాలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసిండ్రు. ఉల్లంఘనలు ఎన్ని తీర్ల జరిగినయో ఆ కమిషన్ వరుస పెట్టి చెప్పింది. అయినా కదలిక లేదు. ఆ కడుపుమంట నుంచే ఉద్యమం మళ్లా లేచింది. మేము ఆ ఊరేగింపుల్లో నడిచినోళ్లమే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. స్థానికులకు 95 శాతం రిజర్వేషన్ వచ్చింది. నర్సింగ్ చదువుల పట్టా కోసం విజయవాడ విశ్వవిద్యాలయం దిక్కు చూసే రోజులు పోయినయి, వరంగల్‌లో కాళోజీ పేరు మీద మన ఆరోగ్య విశ్వవిద్యాలయం నిలబడ్డది. ఇవి చిన్న గెలుపులు కావు. వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేము కలువం.

కానీ ఒక ముచ్చట ఒప్పుకోవాలె. కొలువు ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఎసుంటి కొలువు అన్న ప్రశ్న అట్లనే మిగిలింది. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఇచ్చే కొలువులో స్థానికత ఉంటే ఏం లాభం? ఎన్నడు తీసేస్తరో తెలువని కొలువులో 95 శాతం మనదే అయితే ఆ 95 శాతం అభద్రత కూడా మనదే అయినట్టు కాదా?

కరోనా చూపెట్టిన నిజం

2017 చివరలో టీఎస్‌పీఎస్‌సీ 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ భర్తీ ప్రక్రియ కరోనా కాలం దాకా సాగింది. పరీక్ష రాసి ఎదురుచూసే ఆ ఏండ్లలో ఆడపిల్ల ఏం చెయ్యాలె? పెండ్లి ఆగదు, అప్పు మీద మిత్తి ఆగదు. అట్ల ఎదురుచూసి చూసి వృత్తి మారినోళ్లు ఎందరో.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉన్నదని అదే ఏడాది చెప్పింది. సరిగ్గా ఆ ఏడాది జూలైలో, కరోనా రోగులతో నిండిన గాంధీ దవాఖానలో ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. పీపీఈ కిట్టు లోపల చెమటలు కారుతుంటే పని చేసిన ఆ బిడ్డల జీతం అప్పటికి 17,500. సమ్మె చేస్తే 25,000 అయ్యింది. చప్పట్లు కొట్టిన దేశంలో, పూలు చల్లిన నగరంలో, జీతం కోసం సమ్మె చేస్తే గానీ సర్కారు దిగిరాలేదు.

2021 సంగతి ఇంకా దారుణం. ఆ మార్చిలో సర్కారు ఉద్యోగులకు 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించిండ్రు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కూడా పెంపు వర్తిస్తదన్నరు. సంతోషపడ్డం. అదే ఏడాది జూలైలో, రెండో అల తగ్గంగనే, 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఒక్క దెబ్బకు తీసేసిండ్రు. కరోనా వార్డులో పని చేసొచ్చిన పిల్లలు కొలువు కోసం ప్రగతి భవన్ ముందు రోడ్డు మీద కూసున్నరు. పోలీసులు వ్యాన్లు ఎక్కించిండ్రు. పెంచిన జీతం తీసుకునేటందుకు కొలువే లేకపాయె. ఆనాడు మనసు విరిగి ఈ వృత్తికి దండం పెట్టినోళ్లను ఎవరు తప్పు పట్టగలరు?

ఆ తర్వాత మంచి జరగలేదని అనం. 2022 డిసెంబర్‌లో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, తర్వాత పోస్టులు పెంచిండ్రు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద సర్కారు దవాఖానల్లో చేసిన సేవకు మార్కులు కలిపిండ్రు. 2024 జనవరి 31న దాదాపు ఏడు వేల మందికి ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చిండ్రు. ఆ సెప్టెంబర్‌లో మరో 2,050 పోస్టులకు ప్రకటన వచ్చింది. స్టాఫ్ నర్సు పేరును నర్సింగ్ ఆఫీసర్ అని మార్చిండ్రు. ఇవన్నీ మంచివే. కానీ 2022 నోటిఫికేషన్‌కు 40 వేలకు పైగా దరఖాస్తులు వచ్చినయి. కొలువు రాని ముప్పై వేల చిల్లర మంది ఎక్కడికి పోవాలె? వాళ్లకు మిగిలింది ప్రైవేటు దవాఖాన ఒక్కటే. అక్కడ ఏమున్నదో పైన చెప్పుకున్నం. గందుకే వృత్తి మార్పు.

పోయినచోట ఏమున్నది?

మెడికల్ కోడింగ్ అంటే ఏందో చాలామందికి తెలువది. అమెరికాలో ఒక మనిషి దవాఖానకు పోతడు. డాక్టర్ రోగం, చేసిన చికిత్స రాస్తడు. ఆ బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలంటే ప్రతి రోగానికి, ప్రతి చికిత్సకు ఒక అంకె వెయ్యాలె. రక్తపోటు అయితే ఐ10. షుగర్ అయితే ఈ11.9. అంకె తప్పితే బిల్లు వాపస్. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికా కొత్త అంకెల పద్ధతికి మారింది. 14 వేల దాకా ఉన్న రోగాల అంకెలు 70 వేల దగ్గరికి పోయినయి. అంత పనికి మనుషులు కావాల్సి వచ్చి హైదరాబాద్, చెన్నైల దిక్కు చూసిండ్రు. శరీరం గురించి, మందుల గురించి చదివిన నర్సు ఈ పని తొందరగా పడుతది. ఏసీ గది, కూసునే కుర్చీ, ఎక్కువ చోట్ల పగటి డ్యూటీ, బ్యాంకులో పడే జీతం. ఎందుకు పోదు?

కానీ ఒక్కసారి ఆలోచించండి. మన తండాలో బీపీ చూసే దిక్కు లేక ముసలామె పక్షవాతంతో పడిపోతుంటే, ఆ బీపీ చూడ నేర్చిన మన బిడ్డ అమెరికా ముసలామె బీపీకి అంకె వేస్తున్నది. తప్పు ఆ బిడ్డది కాదు. ఆమెను వార్డులో నిలుపుకోలేని పద్ధతిది. ఇంకో విచిత్రం ఏందంటే, సర్కారు సంస్థ అయిన టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ నేర్పించి విదేశాలకు పంపుతున్నది. పోయేవాళ్లు సంతోషంగా పోవాలె, నాలుగు పైసలు సంపాయించాలె. కానీ 2021లో రోడ్డు మీదికి నెట్టిన చేతితోనే విమానం ఎక్కిస్తే దాన్ని ఉపాధి కల్పన అని గొప్పగా చెప్పుకోవడం తగదు.

పోయేవాళ్లకు కూడా రెండు మాటలు చెప్పాలె. కోడింగ్ పని శాశ్వతం అనుకోవద్దు. ఆ అంకెలు వేసే పనిని కంప్యూటర్‌తోనే చేయించేటందుకు కంపెనీలు ఉరుకుతున్నయి. కోచింగ్ పేరుతో వేలకు వేలు గుంజి, కొలువు గ్యారంటీ అనే సంస్థల మాట నమ్మి మళ్లా అప్పు చెయ్యకుండ్రి. అన్నిటికంటే ముఖ్యం, నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ సచ్చిపోకుండా చూసుకోండి. ఐదేండ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. మానేసే దవాఖాన నుంచి అనుభవ పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. సర్టిఫికెట్ ఇయ్యకపోతే భయపడి ఊరుకోకుండా లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. తిరిగి రావాలనుకున్నప్పుడు తలుపు మూసుకపోయి ఉండొద్దు. ఆ చదువు మీ కష్టార్జితం, ఏ యాజమాన్యం పెట్టిన భిక్ష కాదు.

ఉద్యోగులకు, విద్యార్థులకు

ఈ పత్రిక చదివే ఉద్యోగ అన్నలకు, అక్కలకు ఒక మాట. 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ మీరు సాధించుకున్నరు. అది మీ హక్కు. కానీ అదే దవాఖాన గోడల లోపల, అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ సిస్టర్‌కు మీ సంఘంలో సభ్యత్వం ఉన్నదా? ఆమెను తీసేసిన నాడు మీ సంఘం ఒక్క పూట పెన్ను పక్కకు పెట్టిందా? పర్మనెంట్ ఉద్యోగి వేరు, టెంపరరీ ఉద్యోగి వేరు అనుకుంటే మాత్రం పాలకుడికి పని సులువైతది. ఇయ్యాల ఆమె పోస్టు ఏజెన్సీ చేతిలోకి పోతే, రేపు మీరు రిటైరైన కుర్చీ కూడా ఆ ఏజెన్సీకే పోతది.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. యూనివర్సిటీల్లో ఉద్యమం చేసిన మనకు గ్రూప్ వన్ నోటిఫికేషన్ మీద ఉన్న పట్టు నర్సింగ్ విద్యార్థి సర్టిఫికెట్ మీద లేదు. నర్సింగ్ కాలేజీల హాస్టళ్లలో సంఘం పెట్టనియ్యరు, ఫోన్ కూడా వాడనియ్యని చోట్లున్నయి. ఆ గేటు బయట నిలబడి అడిగే బాధ్యత మనది.

మా డిమాండ్లు కొత్తవి కావు, అసాధ్యమైనవీ కావు. 2016 కమిటీ చెప్పిన జీతాలను తెలంగాణలో జీవో ఇచ్చి అమలు చెయ్యాలె. ప్రైవేటు దవాఖాన రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చిన నాడు జిల్లా వైద్యాధికారి మంచాల లెక్కతో పాటు నర్సుల జీతాల బ్యాంకు లెక్క కూడా చూడాలె. సర్టిఫికెట్లు ఆపే కాలేజీల మీద, దవాఖానల మీద కేసులు పెట్టాలె, ఫీజు బకాయిలు సర్కారు టైముకు కట్టాలె. రోగుల సంఖ్యకు తగ్గట్టు పోస్టులు మంజూరు చేసి, టీచర్లకు డీఎస్సీ అడిగినట్టు, ప్రతి ఏడాది నర్సుల భర్తీ క్యాలెండర్ ప్రకటించాలె. మంజూరైన పోస్టులో ఔట్‌సోర్సింగ్ మనిషిని పెట్టుడు బంద్ కావాలె.

కొత్త మెడికల్ కాలేజీలు కట్టినం, మంచాలు పెంచినం అని ఏ సర్కారైనా చెప్పుకోవచ్చు. మంచం రోగిని చూసుకోదు. గోడ సూది వెయ్యదు. తెలంగాణ వస్తే మన కొలువులు మనకే అన్నం. ఆ కొలువు మన బిడ్డ విడిచిపెట్టి పోయేటట్టు ఉంటే మన కొట్లాట ఇంకా ఒడువలేదు. నర్సమ్మ తిరిగి వార్డుకు రావాలంటే ఆమెకు సన్మానాలు వద్దు, మే 12న పూలగుత్తులు వద్దు. నెల మొదటి తారీఖున జీతం, చేతిలో తన సర్టిఫికెట్, తన పక్కన ఇంకో నర్సు. ఈ మూడు ఇయ్యండి, సాలు.